ఆవకాయ సీసా కింద ఉత్తరం

కాకినాడ,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నా,

ఈ ఉత్తరం ఆవకాయ సీసా కింద పెడుతున్నాను. ఫోను ఎత్తకపోయినా పచ్చడి కోసమైనా పార్సిల్ విప్పుతావు కదా. మాణిక్యం గారి అమ్మాయి పారిస్ వస్తోంది, అక్కణ్ణించి పోస్టులో వేస్తానంది. సీసా మూతకి మైనం పట్టించి రెండు కవర్లు చుట్టాను. అయినా నిలబెట్టే విప్పు. పోయినసారి పడుకోబెట్టి విప్పి ఉన్న ఒక్క మంచి స్వెట్టరూ నూనె చేసుకున్నావు.

ఇక్కడ అందరం కులాసా. నాన్న మోకాలు అలాగే ఉంది. డాక్టరు మెట్లు ఎక్కవద్దన్నాడని రోజూ డాబా ఎక్కి కొబ్బరి మట్టలు లెక్కపెట్టి వస్తున్నారు. ప్రత్యేకంగా రాయాల్సిన విశేషాలేం లేవు, ఊరికే రాస్తున్నాను.

మొన్న సూర్యం మావయ్య మనవరాలి ఓణీలకి యానాం వెళ్ళాం. భోజనాల దగ్గర వాసు ఎదురుపడి, "ఏంటత్తా, చిన్నాగాడు ఆ కొండమీద రాతిల్లు కొనేశాడటగా, పార్టీ ఎప్పుడు?" అన్నాడు. నోట్లో బూరె ఉంది కాబట్టి సరిపోయింది. నాన్న పక్క విస్తరిలోనే ఉన్నారు గానీ వినలేదు. వాసు మాటలు నేనెప్పుడు నమ్మాను గనక! ఆ సంగతి వదిలెయ్.

అసలు రాయబోయింది వేరే. రమ కొడుకు బుజ్జిగాడికి స్కూల్లో 'ఒక ఊరి కథ' రాసుకురమ్మన్నారు. అందరూ కోనసీమ గురించో కొల్లేరు గురించో రాస్తారు, అమ్మమ్మ చూసొచ్చిన ఫ్రాన్సు ఊరి గురించి నేను రాస్తానన్నాడు. ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పిన నోరు ఊరుకుంటుందా. మీ షాంబో గురించి నాకు గుర్తున్నదంతా చెప్పాను. నీకు తెలిసినవే, అయినా ఒకసారి చూడు. తప్పులుంటే దిద్దు. దిద్దడానికైనా ఒక ఫోను చెయ్యి.

లె షాంబో సూర్ లిన్యో అని పూర్తి పేరు చెబితే వాడు మూడుసార్లు పలికించుకున్నాడు. ఒత్‌లువార్ జిల్లాలో, సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున, లిన్యో ఏటి ఒడ్డున ఉన్న ఊరు. జనం 2,500 దాకా. మన రామారావుపేటలో రెండు వీధుల జనం అన్నమాట. దేశమంతా కేథలిక్కులైతే వీళ్ళు ప్రొటెస్టెంట్లు. 1598లో నాలుగో హెన్రీ మీ మతం మీరు చేసుకోండని శాసనం ఇచ్చాడు, 1685లో పద్నాలుగో లూయీ దాన్ని రద్దు చేశాడు. అప్పటినించి వంద ఏళ్ళకి పైగా అడవుల్లోనూ కొట్టాల్లోనూ దొంగచాటుగా ప్రార్థనలు. 1787లో గానీ మళ్ళీ మనుషుల కింద జమకట్టలేదు. వాళ్ళ చర్చిని వాళ్ళు టెంపుల్ అనే అంటారు. నువ్వు టెంపుల్‌కి వెళదామంటే నేను చెప్పులు ఎక్కడ విప్పాలా అని చూడడం, నువ్వు నవ్వడం గుర్తుందా. గుమ్మం పైన రాతిలో చెక్కిన 'ఒకరినొకరు ప్రేమించండి' అన్న మాటకి నువ్వే అర్థం చెప్పావు. చెప్పి ఫోను చూసుకుంటూ కూర్చున్నావు. అప్పుడు మాత్రం ఫోను చేతిలోనే ఉండేది.

తరవాత యుద్ధం సంగతి చెప్పాను. హిట్లర్ మనుషులకి దొరక్కుండా పారిపోయొచ్చిన యూదులని, ముఖ్యంగా పిల్లలని, ఆ ఊరూ చుట్టుపక్కల పల్లెలూ ఇళ్ళల్లో పెట్టుకుని కాపాడాయి. మూడు వేల మందని కొందరు, అయిదు వేల మందని కొందరు అంటారు. లెక్క రాసుకుంటే ప్రాణాలు పోయే రోజులు మరి. పాస్టరు ఆంద్రే త్రొక్మే. 1942 ఆగస్టులో, జర్మన్లకి లొంగిన ఫ్రెంచి ప్రభుత్వం పోలీసులు బస్సులు వేసుకొచ్చి యూదుల పేర్లు రాసిమ్మంటే ఇవ్వనన్నాడు. వారాల తరబడి వెతికారు. బస్సులు దాదాపు ఖాళీగానే పోయాయి.

బుజ్జిగాడికి పాస్టరుగారు నచ్చారు. నాకు ఆయన భార్య మాగ్దా. 1943 ఫిబ్రవరిలో ఆయన్ని అరెస్టు చెయ్యడానికి జాందార్ములు, అంటే అక్కడి పోలీసులు, వచ్చేసరికి రాత్రి భోజనాల వేళ. నలుగురు పిల్లల తల్లి, మొగుణ్ణి పట్టుకుపోవడానికి వచ్చినవాళ్ళనే కూర్చోండి, తిని వెళ్ళండి అంది. నేనైతే గరిటె విసిరేదాన్ని. ఆయన్నీ సహాయ పాస్టరు తెయిస్‌నీ నెల రోజులకి వదిలేస్తూ, ప్రభుత్వం చెప్పినట్టు నడుచుకుంటామని కాగితం మీద సంతకం పెట్టమన్నారు. ఇద్దరూ పెట్టలేదు. అయినా మర్నాడు వదిలేశారు.

సంతకం అంటే గుర్తొచ్చింది. అక్కడ ఇల్లు కొనేవాడు ముందు 'కొంప్రొమి' అని ఒక కాగితం మీద సంతకం పెడతాడట, పెట్టాక 10 రోజుల లోపు మనసు మార్చుకోవచ్చట, డబ్బు పోదట. ఎక్కడో చదివాను. జనరల్ నాలెడ్జి.

మా నాన్న సంగతి నీకు తెలుసు. 1954 నవంబరు 1న యానాం మనదేశంలో కలిసింది, 1962 ఆగస్టులో ఒప్పందం ఖరారయింది, ఫ్రెంచి పౌరులుగా ఉండదలుచుకున్నవాళ్ళు ఆరు నెలల్లో చెప్పండన్నారు. కాగితం మా నడవలో సిరాబుడ్డి కింద ఆరు నెలలూ ఉంది. మా నాన్న సంతకం పెట్టలేదు. చిన్న తాతయ్య పెట్టాడు. ఆయన దీపావళికి దీపావళికి రాసేవాడు, తరవాత రెండేళ్ళకోసారి, తరవాత మా నాయనమ్మ పోస్టుమాన్‌ని అడగడం మానేసింది. అది నీకు ఎన్నోసార్లు చెప్పాను, మళ్ళీ చెప్పను.

ఇంకొకటి మాత్రం బుజ్జిగాడికి చెప్పలేదు, చిన్నపిల్లాడని. దనియేల్ త్రొక్మే అని పాస్టరుగారి చుట్టం, సైన్సు మాస్టారు. మ్యూజియంలో ఆయన ఫొటో ముందు నేను చాలాసేపు నిలబడితే కాళ్ళు నొప్పులా అని అడిగావు. 1943 జూన్ 29న జర్మన్లు ఆయన చూసుకునే హాస్టలు మీద పడితే, తప్పించుకునే వీలుండీ పిల్లలని వదిలి పోలేదు. మరుసటి ఏడు జర్మన్ల మైదనెక్ నిర్బంధ క్యాంపులో చనిపోయాడు. ఆయన ఆ ఊరు వెళ్ళాలనుకున్నప్పుడు ఎందుకు వెళ్తున్నాడో అమ్మానాన్నలకి ఉత్తరం రాశాడు. చూశావా. ఆ రోజుల్లో, అంత ప్రమాదంలో, రాశాడు. వాళ్ళకి నచ్చిందో లేదో గానీ వాసులాంటివాడు చెబితే వినాల్సిన ఖర్మ పట్టలేదు వాళ్ళకి.

సరే, మంచు రోజు సంగతి. బుజ్జిగాడు దీన్నే రెండుసార్లు చెప్పించుకున్నాడు. అక్టోబరు ఆఖరు వారం, నువ్వు సెంతెతియెన్ ఆఫీసుకి వెళ్ళావు. ఏటి పక్క దారిన కాస్త నడిచొస్తానని బయల్దేరాను. పైన్ చెట్ల మధ్య ఎండ బాగుంది. ఎక్కడ మలుపు తప్పానో, గంటలో పొగమంచు దిగింది. అటు చూస్తే తెలుపు, ఇటు చూస్తే తెలుపు, పాలగిన్నెలో పడ్డ ఈగలా నేను. ఫోన్లో ఛార్జింగు లేదు. నువ్వు పొద్దున్న పెట్టుకోమన్నావు, నిజమే. పట్టుచీర మీద నీ జాకెట్టు, కాళ్ళకి రమ కొనిచ్చిన బాటా బూట్లు. పట్టుచీర ఎందుకని ఆ రోజు అరిచావు. శుక్రవారం కాబట్టి.

కుక్క మొరిగిన వైపు నడిచాను. రాతిల్లు, పైన రాతిపలకల కప్పు, ఇంటికి అంటుకునే పశువుల కొట్టం. తలుపు కొట్టాను. నాకన్నా పదిహేనేళ్ళు పెద్దావిడ తీసింది. మా నాన్న నేర్పిన ఫ్రెంచిలో నాకు మిగిలినవి నాలుగు ముక్కలు, ఆ క్షణాన వాటిలో ఒక్కటీ రాలేదు. ఆవిడ ఎవరు నువ్వు అనలేదు, ఎక్కణ్ణించి అనలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. పొయ్యి దగ్గర కుర్చీ వేసి, బూట్లు విప్పించి, ముతక ఉన్నిమేజోళ్ళు తెచ్చి పడేసింది. బంగాళదుంపల సూపు పెట్టింది. మాంసం లేదు కదా అని అడగడం ఎలాగో తెలియక గిన్నెలోకి చూస్తుంటే, నవ్వి, బుట్టలోంచి దుంపా ఉల్లికాడా తీసి చూపించింది. రెండు గిన్నెలు తాగాను. ఇద్దరం గంటలకొద్దీ ఒక్క మాట లేకుండా కూర్చున్నాం. ఆవిడ బీన్సు ఒలుస్తుంటే నేనూ ఒలిచాను. మంచు విడిచాక చిన్న కారులో కూర్చోబెట్టి నేరుగా నీ గుమ్మం ముందు దింపింది. ఇండియా కుర్రాడి ఇల్లు ఊరందరికీ తెలుసన్నమాట.

మ్యూజియం చూసింది ఆ తరవాతి వారం. తలుపు తట్టినవాళ్ళని పేరడక్కుండా లోపలికి రమ్మన్న ఊరని అక్కడ విన్నప్పుడు నాకు ఆ ఉన్నిమేజోళ్ళే కనిపించాయి. తిరిగిచ్చావా వాటిని? ఉతికి ఇవ్వమన్నాను.

కానీ కథలో నేను దాచిన ముక్క నువ్వే. గుమ్మంలో నువ్వు నిలబడి ఉన్నావు, మొహంలో నెత్తుటి చుక్క లేదు. జాందార్ములకి కూడా ఫోను చేశావు. "అయిదు గంటలమ్మా, అయిదు గంటలు! ఒక్క కబురు లేకపోతే మనిషి ఏమైపోవాలి?" అని ఆ ముసలావిడ ముందే అరిచి, తరవాత వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి మొహం కడుక్కున్నావు. ఇవాళ్టికి నలభై ఒక్క రోజు. నేను లెక్కపెట్టడం లేదు, కేలండర్ వంటింట్లోనే ఉంది కాబట్టి కనిపిస్తుంది.

ఆ ఊరిని నేనేం అనడం లేదు. గాలి మంచిది. గనికార్మికుల పిల్లల్ని గాలిమార్పుకి సెంతెతియెన్ నించి అక్కడికే తీసుకొచ్చేవారట. ఊపిరితిత్తులు బాగాలేక రచయిత కామూ అంతటివాడు 1942లో పక్కనే పనెలియేలో ఉన్నాడు. కానీ శీతాకాలం? సగం ఇళ్ళకి కిటికీ తలుపులు మూసి ఉండడం నేనే చూశాను, వేసవికి వచ్చే వాళ్ళవట. ఆ ఊళ్ళో అంత పేరున్న సెవెనోల్ స్కూలే 2014లో మూతపడింది. శనివారం సంత తప్ప మనిషి అలికిడి లేదు. ఆ బ్యుర్ల్ గాలి మంచుని ఎత్తి గుమ్మానికి గోడ కట్టేస్తుందని నువ్వే చెప్పావు. కట్టెలు ఎవరు కొడతారు? గోరు తీసుకోవడానికే బద్ధకం నీకు.

వియన్నా నించి వచ్చి ఆ ఊళ్ళో దాక్కున్న పిల్లవాడు ఎరిక్ ష్వామ్, పెద్దయ్యాక ఎక్కడ బతికాడు? లియోన్ దగ్గర. 2020లో పోతూ దాదాపు 20 లక్షల యూరోలు ఆ ఊరికి రాసిచ్చాడు, పిల్లల చదువులకి వాడమని. ఊరి మీద ప్రేమ ఉంటే రాతిల్లే కొనక్కర్లేదని చెబుతున్నాను, అంతే. ఆ ఊరివాళ్ళు చేసినదాని గురించి బయట పెద్దగా చెప్పుకోలేదట. 1990లో ఇజ్రాయెల్ వాళ్ళు ఊరు ఊరంతటికీ గౌరవపత్రం ఇచ్చారు. వాళ్ళ మౌనం ఎందుకో నాకు అర్థమైంది. నీది అవలేదు.

ఉపన్యాసం అయిపోయింది అనుకుంటున్నావు కదా. అయింది. కందిపొడి ఎర్రమూత డబ్బాలో, కారప్పొడి పచ్చమూత డబ్బాలో ఉన్నాయి. అరిసెలు కింద ఉన్నాయి, ముందు అవి తిను. నూనెకాయ మాత్రం తడి చెంచాతో ముట్టుకోకు. మెడకి మఫ్లరు కట్టుకో. రాత్రి బ్రెడ్డు తిని పడుకోకు, కుక్కర్ ఇచ్చింది ఎందుకు?

అమ్మ

తా.క. కవరు అంటించబోతుంటే నాన్న వచ్చి, ఆ ఇంటికి వంటగది ఏ దిక్కున ఉందో, ఉత్తరం వైపు గోడ ఎంత మందమో కనుక్కోమన్నారు. ఏ ఇంటికి అని నేను అడగలేదు. ఆ రోజు విస్తరి దగ్గర ఆయనకి వినపడిందన్నమాట.