వెయిటింగ్ లిస్టు టికెట్టుతో రైలెక్కమని మేము చెప్పము

శ్రీకాకుళం రోడ్ స్టేషనుకు దగ్గరలో రైలు టికెట్లు బుక్ చేసే మా చిన్న కేంద్రానికి వచ్చే ప్రయాణికులందరికీ నమస్కారం. పండుగలకు ముందూ, పనుల కోసం హైదరాబాదు, చెన్నై, బెంగళూరు వెళ్లే కుటుంబాలు తిరుగు ప్రయాణం కట్టే రోజుల్లోనూ మా కౌంటరు దగ్గర ఒక ప్రశ్న పదేపదే వినిపిస్తోంది. "వెయిటింగ్ లిస్టే అయినా ఎక్కేస్తాము, టీటీ పట్టుకుంటే రెండు వందల యాభై కట్టేస్తే సరిపోతుంది కదా?" అని అడుగుతున్నారు. సరిపోదు. సరిపోతుందని చెప్పి టికెట్టు బుక్ చేస్తే మా సేవా రుసుము మాకు వస్తుంది, కానీ రాత్రివేళ పిల్లలతో, సామానుతో టీటీ ముందు నిలబడవలసింది మీరే. అందుకని ఇకమీదట వెయిటింగ్ లిస్టులో ఉన్న ఏ టికెట్టునైనా, కింద రాసిన విషయాలన్నీ మీకు వివరించి, మీరు సరేనన్న తరువాతనే బుక్ చేయాలని నిర్ణయించుకున్నాము. దీనివల్ల కొందరు మా దగ్గర బుక్ చేయకుండా వెళ్లిపోతారని తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాము.

ముందుగా తెలుసుకోవలసినది, మేము ఇచ్చేది ఆన్‌లైన్ టికెట్టు అన్న సంగతి. ఎవరికి ఏ బెర్తు దక్కిందో చూపే చివరి జాబితా, అంటే చార్టు, సిద్ధమయ్యే సమయానికి ఆ టికెట్టులోని పేర్లన్నీ వెయిటింగ్ లిస్టులోనే మిగిలిపోతే, అది దానంతట అదే రద్దయి, క్లర్కేజీ అనే కొద్దిపాటి రద్దు రుసుము పోగా మిగిలిన సొమ్ము వెనక్కి వస్తుంది. రద్దయిన తరువాత మీ ఫోనుకు వచ్చిన ఆ బుకింగ్ సందేశానికి టికెట్టుగా విలువ ఉండదు. దానిని చూపించి స్లీపర్ బోగీలో కూర్చున్నవారిని, చేతిలో అసలు టికెట్టే లేనివారిగా పరిగణిస్తారు. రైల్వే కౌంటరులో వరుసలో నిలబడి తీసుకున్న కాగితపు వెయిటింగ్ లిస్టు టికెట్టు సంగతి వేరు. దానితో జనరల్ బోగీలో వెళ్లవచ్చు, కానీ స్లీపర్‌లో గానీ ఏసీలో గానీ కూర్చోవడానికి వీలులేదు. ఆర్ఏసీ, అంటే పూర్తి బెర్తు ఖాయం కాకపోయినా కూర్చోవడానికి సీటు, వచ్చినవారు మాత్రం నిశ్చింతగా ఎక్కవచ్చు. చార్టు ఒకప్పుడు రైలు బయలుదేరడానికి నాలుగు గంటల ముందు వచ్చేది. 2025 జూలై నుంచి అది ఇంకా ముందుగానే సిద్ధమవుతోంది కాబట్టి, స్టేషనుకు బయలుదేరకముందే పీఎన్ఆర్ (టికెట్టు మీది పది అంకెల నంబరు)తో టికెట్టు ఖాయమైందో లేదో చూసుకుని, బస్సుకు వెళ్లాలో ప్రయాణం మానుకోవాలో తేల్చుకునే వ్యవధి మీకు దొరుకుతుంది.

ఇక ఆ 250 రూపాయల సంగతి. 1989 నాటి రైల్వే చట్టం 138వ సెక్షను ప్రకారం, టికెట్టు లేకుండా దొరికిన ప్రయాణికుడు ప్రయాణించిన దూరానికి మామూలు ఛార్జీ కట్టాలి. దానికి తోడు ఆ ఛార్జీతో సమానమైన మొత్తం గానీ, 250 రూపాయలు గానీ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది అదనంగా కట్టాలి. అంటే 250 అనేది కనీస మొత్తం మాత్రమే. ఛార్జీ 60 రూపాయలైతే కట్టవలసింది 310, ఛార్జీ 400 అయితే 800. నలుగురున్న కుటుంబమైతే ఒక్కొక్కరికీ ఈ లెక్క విడివిడిగా వర్తిస్తుంది. మన ప్రాంతంవారికి దీనిలో మరొక చిక్కు ఉంది. ప్రయాణికుడు ఎక్కడ ఎక్కాడన్న దానిపై అనుమానం వస్తే, రైలు మొదట బయలుదేరిన స్టేషను నుంచి ఛార్జీ లెక్కకట్టవచ్చు, లేదా దారిలో టికెట్లు తనిఖీ చేసి ఉంటే చివరిసారి తనిఖీ జరిగిన చోటు నుంచి లెక్కకట్టవచ్చు అని చట్టంలో ఉంది. మనవాళ్లు సికింద్రాబాదుకు ఎక్కే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ హౌరాలో బయలుదేరుతుంది, విశాఖ ఎక్స్‌ప్రెస్ భువనేశ్వర్‌లో బయలుదేరుతుంది. ఎక్కిన స్టేషనును రుజువు చేసే కాగితం ఏదీ చేతిలో లేకపోతే, తాను ఎన్నడూ చూడని ఊరి నుంచి వచ్చినట్లుగా ఛార్జీ కట్టవలసి రావచ్చు. ఇటుక బట్టీలకూ, భవన నిర్మాణ పనులకూ వెళ్లేవారికి ఆ మొత్తం కొన్ని రోజుల కూలి. మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టేది ఈ విషయమే.

అడిగిన మొత్తం కట్టలేకపోతే విషయం మెజిస్ట్రేటు దాకా వెళ్లవచ్చు, జైలుశిక్ష పడే అవకాశం కూడా చట్టంలో ఉంది. మోసం చేయాలన్న ఉద్దేశంతోనే టికెట్టు లేకుండా వెళ్లడం, ఒకసారి వాడిన టికెట్టును మళ్లీ వాడటం అంతకంటే పెద్ద నేరాలు. వాటికి 137వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు గానీ, 1,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. మీ హక్కులు కూడా తెలుసుకోండి. పురుషుడు తోడు లేని మహిళనూ, పిల్లలనూ టికెట్టు లేదన్న కారణంతో ఎక్కడ పడితే అక్కడ దింపకూడదు. వారు రైలెక్కిన స్టేషనులో, జంక్షనులో, చివరి స్టేషనులో లేదా జిల్లా కేంద్రంలో మాత్రమే, అదీ పగటి వేళలోనే దింపాలి. అలాగే, నిజంగా టికెట్టు తీసుకునే వ్యవధి లేక ఎక్కవలసి వస్తే, ముందుగా అధికారం ఉన్న రైల్వే ఉద్యోగికి చెప్పి అనుమతి పత్రం తీసుకుంటే ఛార్జీ మాత్రమే వసూలు చేస్తారు, అదనపు మొత్తం పడదు. టీటీకి ఏ మొత్తం కట్టినా రసీదు తప్పనిసరిగా అడిగి తీసుకోండి. రసీదు లేకుండా ఇచ్చిన డబ్బుతో మీ ప్రయాణం సక్రమం కాదు, తరువాత వచ్చే టీటీ మళ్లీ అడిగితే చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

మరొకరి పేరు మీద ఉన్న టికెట్టుతో ప్రయాణం చేయవచ్చా అని కూడా చాలామంది అడుగుతున్నారు. చేయకూడదు. తన పేరు మీది టికెట్టును ఇంకొకరికి అమ్మడం కూడా చట్టరీత్యా నేరమే. తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, పిల్లల మధ్య అయితే పేరు మార్చుకునే సౌకర్యం ఉంది. దానికి రైలు బయలుదేరడానికి కనీసం 24 గంటల ముందు, బంధుత్వం చూపే పత్రంతో, రైల్వే రిజర్వేషన్ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వాలి. ఆ దరఖాస్తు రాయడంలో మేము రుసుము లేకుండా సహాయం చేస్తాము. ప్రయాణంలో అసలు గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవడం మరచిపోవద్దు, అది లేకపోతే కన్ఫర్మ్ అయిన ఆన్‌లైన్ టికెట్టు కూడా చెల్లదు.

విశాఖపట్నానికి రోజూ వెళ్లివచ్చేవారికి రెండు మాటలు. 200 కిలోమీటర్ల లోపు దూరానికి తీసుకున్న జనరల్ టికెట్టుతో మూడు గంటల లోపు, లేదా ఆ దిశగా వెళ్లే మొదటి రైలులో ప్రయాణం మొదలుపెట్టాలి. పొద్దున తీసుకున్న టికెట్టు సాయంత్రానికి పనికిరాదు. మామూలు ఎక్స్‌ప్రెస్ టికెట్టుతో సూపర్‌ఫాస్ట్ రైలు ఎక్కితే తేడా సొమ్ముతోపాటు అదనపు ఛార్జీ కూడా అడగవచ్చు.

తత్కాల్, అంటే ప్రయాణానికి ముందురోజు తెరుచుకునే అత్యవసర బుకింగ్, గురించి ఉన్నదున్నట్లు చెప్పడం మా బాధ్యత. 2025 జూలై నుంచి తత్కాల్ తెరుచుకున్న మొదటి అరగంట మావంటి ఏజెంట్లకు బుకింగ్ అవకాశం లేదు. ఏసీకి ఉదయం 10 నుంచి 10:30 వరకు, నాన్ ఏసీకి 11 నుంచి 11:30 వరకు మేము వేచి ఉండవలసిందే. కాబట్టి ఆధార్ అనుసంధానం చేసుకున్న మీ సొంత ఖాతాలో మీరే ప్రయత్నిస్తే బెర్తు దొరికే అవకాశం మాకంటే మీకే ఎక్కువ. ఖాతా తెరవడం, ఆధార్ జోడించడం రాకపోతే మా దగ్గరకు రండి, నేర్పిస్తాము. వ్యక్తిగత ఖాతాలతో టికెట్లు తీసి అమ్మడం 143వ సెక్షను కింద నేరం కనుక ఆ పని మాత్రం మేము చేయము, ఎవరు ఎంత ఎక్కువ ఇస్తామన్నా చేయము.

చివరిగా రద్దయిన టికెట్ల సొమ్ము విషయం. బుకింగ్ సమయంలో దయచేసి మీ సొంత మొబైలు నంబరే ఇవ్వండి, మా నంబరు వేయమని అడగవద్దు. ఏజెంటు ద్వారా తీసిన టికెట్టు రద్దయినప్పుడు, తిరిగి రావలసిన మొత్తం ఎంతో తెలుపుతూ ఒక ఓటీపీ ఆ నంబరుకు వస్తుంది. దానిని మాకు చెబితే, ఆ సందేశంలో ఉన్న మొత్తాన్ని మీకు చెల్లిస్తాము. ఒక్క రూపాయి తేడా కనిపించినా ఆ సందేశాన్ని కౌంటరులో చూపించి అడగండి.