మా అమ్మ ఖాతాలో కోసిన జరిమానా గురించి

పొందూరు,
అక్టోబరు 20.

శ్రీకాకుళం శాఖ మేనేజరు గారికి,

అయ్యా,

మా అమ్మ ఖాదీ నూలు వడుకుతుంది. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, రాట్నం తిప్పితే వచ్చే కూలి మీ శాఖలోని పొదుపు ఖాతాలో పడుతుంది. మే 29న మోకాళ్ల నొప్పుల మందులకు రూ.400 తీస్తే నిల్వ రూ.870కి దిగింది. ఆ నొప్పులతోనే ఆమె మళ్లీ రాట్నం ముందు కూర్చోలేదు, జమలూ లేవు. మీ కనీస నిల్వ రూ.1,000. అంటే తగ్గింది రూ.130.

దానికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా నెలాఖరుకల్లా రూ.118 చొప్పున నాలుగుసార్లు కోశారు: నూరు జరిమానా, పద్దెనిమిది జీఎస్టీ. ఎస్సెమ్మెస్ రుసుమని ఇంకో రూ.17.70. ఇప్పుడు మిగిలింది రూ.380.30. ఈ సంగతి అక్టోబరు 6న గాని మాకు తెలియలేదు. పాస్‌బుక్కు ముద్రించే యంత్రానికి వేసవిలో అంటించిన ‘పనిచేయడం లేదు’ కాగితం పసుపెక్కింది కూడా.

నూట ముప్పై లోటుకు నూరు జరిమానా ఏ లెక్కన? రిజర్వు బ్యాంకు 2014 నవంబరు 20న ఆదేశాలిచ్చి, 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లో పెట్టింది. జరిమానా లోటును బట్టి, నిర్ణీత శాతంగా ఉండాలి. అంతకు ముందే ఖాతాదారుకు తెలియజేసి, సరిచేసుకోవడానికి కనీసం నెల గడువివ్వాలి. సందేశాలు పంపామని కౌంటరులో అన్నారు. పంపింది పాత నంబరుకు! మార్చమని ఫిబ్రవరిలోనే దరఖాస్తు ఇచ్చాం. మీ ముద్ర పడిన రసీదు నకలు జతచేశాను. పైగా జూలై నుంచి లోటు పెరిగింది మీరు కోసిన 118 వల్లే. మీ కోతతో పడిన లోటుకు మళ్లీ మా అమ్మ దగ్గరే జరిమానా పట్టారు.

పోయిన సోమవారం మీ సహాయ మేనేజరు గారు మర్యాదగానే మాట్లాడారు. “రెండు నెలలవి వెనక్కి వేయిస్తాను, ఇంతటితో వదిలేయండి” అన్నారు. కోత సరైనదే అయితే ఆ రెండూ ఇవ్వనక్కర్లేదు. తప్పయితే నాలుగూ ఇవ్వాలి. బేరమాడడానికి ఇది సంత కాదు. ఎస్సెమ్మెస్‌ల సంగతిలో మాత్రం నేనూ ఒక మెట్టు దిగుతాను: నిజంగా మా నంబరుకు పంపినవాటికి అయినంత తీసుకోండి, మిగతాది ఇవ్వండి.

జరిమానా రూ.472 మొత్తం జమచేసి, కొత్త నంబరు ఎక్కించండి. ఖాతాను కనీస నిల్వ అక్కర్లేని ప్రాథమిక పొదుపు ఖాతాగా మార్చండి. అమ్మ సంతకం చేసిన దరఖాస్తు ఇందులోనే ఉంది. 30 రోజుల్లో పరిష్కరించకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాస్తాను.

జవాబు కాగితం మీదే ఇవ్వండి. మూడుసార్లు బస్సెక్కి వచ్చి, మీవాళ్లు చెప్పింది ఇంట్లో అప్పజెప్పాను. “ఏదీ, రాసిచ్చారా?” అంటోంది అమ్మ.

ఇట్లు,
ఖాతాదారు కుమార్తె

జత: పాస్‌బుక్కు నకలు, నంబరు మార్పు రసీదు నకలు, ఖాతా మార్పు దరఖాస్తు