ఊపితే చాలదు, ఆపడం రావాలి

సంపాదకులకు నమస్కారం.

క్రిస్మస్ సంగీతం మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన కథనంలో హ్యాండ్‌బెల్స్‌కి, అంటే ఒక్కోటి ఒక్కో స్వరం పలికే చేతి గంటలకి, ఒకే ఒక్క వాక్యం దక్కింది. "గొంతు లేనివాళ్లు కూడా గంట ఊపితే చాలు, పాట వచ్చేస్తుంది" అని. పక్కన ఫొటోలో పిల్లలంతా గంటల్ని మూతి కిందికి వేలాడదీసి, హారతికి నిలబడ్డట్టు నిలబడ్డారు. గొంతు మాట నిజమే. గొంతు మారే వయసు మగపిల్లలూ, పై స్వరాలు అందని పెద్దవాళ్లూ పాటల గుంపులోంచి గంటల గుంపులోకి మారడం మామూలే. ఊపితే చాలన్న దగ్గరే మాకు పేచీ.

ముందు వస్తువు సంగతి. పూజ గంటలో నాలుక కొక్కేనికి వేలాడుతూ ఎటు పడితే అటు కొట్టుకుంటుంది. అది గణగణమనాలి, దేవుడికి వినపడాలి, అంతే దాని పని. హ్యాండ్‌బెల్‌లో నాలుక ఇరుసు మీద ముందుకీ వెనక్కీ మాత్రమే కదులుతుంది, పక్కలకు కదలదు. దాన్ని స్ప్రింగులు పట్టి ఉంచుతాయి. మనం విసిరినప్పుడే అంచుకు తగిలి, తగిలీ తగలగానే వెనక్కి వచ్చేస్తుంది. ఒక విసురుకు ఒకే దెబ్బ. లోహం మన కంచే, సుమారు 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం. పోతపోశాక లేత్ మీద చెక్కి శ్రుతి కుదురుస్తారు. షడ్జమం గంట మోగిస్తే దాని వెనకాలే పై స్థాయి పంచమం సన్నగా పలుకుతుంది. తంబురాకు అలవాటైన చెవి దీన్ని మొదటి రోజే పట్టేస్తుంది.

ఇవి పుట్టింది పాటల కోసం కాదు. 17వ శతాబ్దం ఇంగ్లండులో గోపురాల్లోని పెద్ద గంటల్ని తాళ్లతో లాగుతూ, ఒకసారి వచ్చిన వరుస మళ్లీ రాకుండా మార్చి మార్చి మోగించేవాళ్లు. ఆరు గంటలైతే 720 వరుసలు, ఎనిమిదైతే 40,320. అవి నోటికి రావాలంటే రోజూ గోపురమెక్కి ఊరి చెవులు తూట్లు పొడవాలి. అందుకని ఇంట్లో కూర్చుని సాధన చేసుకోవడానికి చిన్న గంటలు పోయించుకున్నారు. గోపురంలో ఎనిమిది గంటల వరుసలన్నీ మనుషులు మారకుండా, ఆపకుండా ఒకే బృందం పూర్తిచేసింది 1963లో, ఇంగ్లండులోని లఫ్‌బరో ఊళ్లో. గంటలు మోగించడానికి 18 గంటలు పట్టిందని తెలుగులో రాస్తే అచ్చుతప్పు అనుకుంటారేమో. తర్వాత కాలంలో చిన్న గంటల మీద పాటలు కట్టడం మొదలైంది, అమెరికా చర్చిల్లో బాగా పాతుకుపోయింది. 1954లో అక్కడి వాయిద్యకారులు ఒక గిల్డ్ (సంఘం) కూడా కట్టుకున్నారు.

ఇక అసలు ఆనందం ఎక్కడుందో చెప్పాలి. స నుంచి పై స దాకా ఒక ఆక్టేవు. రెండు ఆక్టేవుల సెట్టంటే 25 గంటలు, ఏడెనిమిది మంది. మూడు ఆక్టేవులైతే 37, పదకొండు మంది. ఒక్కొక్కరికీ పక్కపక్క స్వరాలు రెండు, వాటికి సంబంధించి కీబోర్డులో నల్ల మెట్ల మీద వచ్చే స్వరాలుంటే అవీ. పాట ఎవరి దగ్గరా ఉండదు. వయొలిన్‌లో, కీబోర్డులో పాట ఒకరి చేతుల్లో ఉంటుంది. ఇక్కడ మీ వాటాకు వచ్చింది రెండు అక్షరాలు. వాక్యం పదిమంది మధ్య తయారవుతుంది.

కర్ణాటక సంగీతం మొదటి పాఠంతోనే ఇది చూపించవచ్చు. ఎనిమిది గంటలు, నలుగురు మనుషులు. మొదటివారికి స, రి. రెండోవారికి గ, మ. మూడోవారికి ప, ద. నాలుగోవారికి ని, పై స. తక్కువ స్వరం ఎడమ చేతిలో, ఎక్కువది కుడి చేతిలో. సరళీ వరుస మొదటిది, నిమిషానికి 60 దెబ్బలు కొట్టే మెట్రనోమ్ (లయ చూపే యంత్రం) మీద, దెబ్బకో స్వరం. స మోగింది. రి మోగే క్షణంలోనే స ఆగాలి. రెండూ ఒకే మనిషి చేతుల్లో ఉన్నాయి కనక ఇది సులువు, ఒక చెయ్యి ముందుకు వెళుతుంటే ఇంకోటి భుజానికి వస్తుంది. కష్టమంతా రి నుంచి గ దగ్గర. ఇక్కడ గ మోగించేది పక్కవారు, రి ఆపాల్సింది మీరు. వారి మణికట్టు కదలడం కంటి కొసతో చూసి, వారి దెబ్బ మీ చెవిలో పడేలోపల మీ గంట భుజానికి చేరాలి. ముందే ఆపితే పాటకు చిల్లు. ఆలస్యమైతే రి, గ కలిసి గింగుర్లెత్తుతాయి. ఇలాంటి అతుకులు ఈ వరుసలో పైకి వెళ్లేటప్పుడు మూడు, దిగేటప్పుడు మూడు. ఒకటో కాలంలో, అంటే మొదటి వేగంలో, బయటపడవు, దానికి రెట్టింపు వేగమైన రెండో కాలంలో అన్నీ బయటపడతాయి. కొత్తవాళ్లు మూడో కాలం జోలికి పోకపోవడమే మేలు.

ఆ ఆరు అతుకులూ ఒకేసారి కుదిరిన రోజు ఏమవుతుందంటే, నలుగురూ ఆగి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. స్వరం ఎడమ నుంచి కుడికి మనుషుల మీదుగా నడిచి వెళ్లినట్టుంటుంది. ఎవరు వాయించారంటే ఎవరూ చెప్పలేరు. కోలాటంలో కర్ర సరిగ్గా తగిలినప్పటి సంబరమే ఇదీ. ఒక తేడా ఉంది, కోలాటంలో తప్పు గుంపులో కలిసిపోతుంది. ఇక్కడ పంచమం పడకపోతే పంచమం ఎవరిదో హాలంతటికీ తెలుసు.

చెయ్యి ఎలా కదలాలో కూడా రాస్తాం, ఫొటో చూసినవాళ్లు అలాగే నేర్చుకుంటారన్న భయం కొద్దీ. గంట మూతి పైకి ఉండాలి, భుజం వైపు కాస్త వాలాలి, రొమ్ముకు బెత్తెడు దూరంలో ఉండాలి. పిడి మీద తయారీదారు గుర్తు మన వైపు తిరిగి ఉండాలి. గుర్తు పక్కకు తిరిగిందంటే నాలుక కదిలే దారీ మన చెయ్యి కదిలే దారీ వేరైపోయాయన్నమాట, గంట మోగదు, లేదా నీరసంగా టప్పుమంటుంది. చేతిని ముందుకు చాపుతూ చివర్లో మణికట్టుతో చిన్న విదిలింపు. నాలుక అవతలి అంచుకు తగులుతుంది. అక్కడితో ఆపకుండా చేతిని గుండ్రంగా పైకి తిప్పి వెనక్కి తెచ్చుకోవాలి. స్వరం ఎంతసేపు ఉండాలో ఆ సున్నా అంత పెద్దది. చటుక్కున వెనక్కి లాగితే నాలుక ఇవతలి అంచుకూ తగిలి రెండో దెబ్బ వస్తుంది. కొత్తవాళ్లలో వంద తప్పులకు తొంభై ఇదే. చెయ్యి సరిగ్గా ఉన్నా రెండో దెబ్బ వస్తుంటే స్ప్రింగు వదులైందని అర్థం. మర కొద్దిగా బిగించి చూడాలి, మరీ బిగిస్తే గట్టిగా విసిరితే తప్ప పలకదు.

పెద్ద గంటల నాలుక తాపీగా కదులుతుంది. అడుగు స్వరాలవాళ్లు దెబ్బ పడే చోటికి వెంట్రుకవాసి ముందే చెయ్యి కదపాలి, లేకపోతే వాళ్లొక్కరే ఎప్పుడూ వెనకపడ్డట్టు వినిపిస్తుంది. పైగా అవి బరువు. వాటికి భుజబలం ఉన్నవాళ్లను నిలబెట్టి, గంటసేపటి సాధనలో రెండుసార్లయినా చేతులకు విరామం ఇవ్వాలి.

గంట ఆపేది భుజం కింద, ఛాతీ మీద. మనవాళ్లకు ఇక్కడొక చిక్కుంది. చీర పైటకు పిన్ను పెట్టేది సరిగ్గా ఎడమ భుజం మీదే. కంచు అంచు ఆ పిన్నుకు తగిలితే కిర్రుమంటుంది, గీతా పడుతుంది. సాధనకు వచ్చేటప్పుడు పిన్ను కాస్త వెనక్కి, భుజం మలుపు అవతలికి పెట్టుకోవాలి. గొలుసు జాకెట్టు లోపలికి వేసుకోవాలి, గాజులు తీసి సంచిలో పెట్టాలి. మగవాళ్లకు చొక్కా జేబులో పెన్ను ఉండకూడదు. డ్రెస్సు రిహార్సల్ అనేది వాయిద్యాల్లో దీనికే నిజంగా అవసరం అనిపిస్తుంది.

చేతి తొడుగులు వేసుకునేది షోకు కోసం కాదు. చెమటలో ఉప్పు కంచు మీద పడితే వేలిముద్ర మచ్చలా నిలిచిపోతుంది. చెన్నై ఉక్కలో ముప్పావు గంటకే నూలు తొడుగులు తడిసిపోతాయి. తడిసిన తొడుగు వేసుకున్నా ఒకటే, వేసుకోకపోయినా ఒకటే. మనిషికి రెండు జతలు ఉండాలి. అయిపోయాక ప్రతి గంటనూ మెత్తటి పొడిబట్టతో తుడిచి పెట్టెలో పెట్టాలి. ఏసీ హాల్లోంచి బయటికి తెస్తే గంట మీద తేమ పడుతుంది, అది ఆరకుండా మూతపెట్టకూడదు. ఇంట్లో ఇత్తడి సామాను తోమే అలవాటు కొద్దీ ఎవరో ఒకరు చింతపండు, నిమ్మచెక్క, తోమే పొడి పట్టుకొస్తారు. వద్దని ముందే చెప్పాలి. పొడితో గీతలు పడతాయి, పులుపు లోపలి స్ప్రింగుల్లోకి, ఇరుసులోకి దిగుతుంది.

బల్ల మీద గంటలు పడుకునే పరుపు నాలుగంగుళాల ఫోమ్ ఉండాలి. పరుపుల అంగట్లో కోసి ఇస్తారు. కొబ్బరిపీచు పరుపు పనికిరాదు. పైన వెల్వెట్ లాంటి మందపాటి బట్ట కుట్టించాలి. చెన్నై ప్యారీస్ కార్నర్‌లో బట్టల అంగళ్ల గోడౌన్ వీధి ఉండగా బట్టకు వెతుక్కోనక్కర్లేదు. మనిషికి రెండు నుంచి రెండున్నర అడుగుల బల్ల చాలు. ఫ్యాను కిందైతే కాగితాలకు క్లిప్పులు తప్పనిసరి, ఎందుకంటే రెండు చేతుల్లో గంటలుండగా ఎగిరే కాగితాన్ని పట్టుకునే చెయ్యి మూడోది లేదు. కాగితం మీద అందరి స్వరాలూ ఉండాలి, మీ రెండే కాదు. మీవి ఎడమ చేతికో రంగు, కుడి చేతికో రంగు పెన్సిలుతో చుట్టుకోండి. ఒక మాట గుర్తుంచుకోవాలి, హ్యాండ్‌బెల్ నొటేషన్‌లో రాసినదానికన్నా ఒక ఆక్టేవు పైన మోగుతుంది. కీబోర్డు వాయించేవారికి ఇది చెప్పకపోతే మొదటి సాధన అంతా తగువుతో సరిపోతుంది.

ఖర్చు సంగతి దాచడం లేదు. మూడు ఆక్టేవుల అసలు సెట్టు దిగుమతి చేసుకోవాలంటే ఒక కారు కొన్నంత. కొత్త బృందాలకు హ్యాండ్‌చైమ్స్ మంచివి. అల్యూమినియం గొట్టానికి బయట చిన్న సుత్తి ఉంటుంది. విసురూ, ఆపడమూ ఇదే పద్ధతి, తొడుగులు అక్కర్లేదు, ధర బాగా తక్కువ. ధ్వని మెత్తన, పెద్ద హాల్లో వెనక వరుసకు అందదు. ఆన్‌లైన్‌లో రంగురంగుల పిడులతో ఎనిమిది గంటల సెట్లు వందల్లోనే దొరుకుతాయి. చిన్నపిల్లలకు సరే. కొనేముందు ఒకటే చూడండి, నాలుక ఒక దారిలోనే కదులుతోందా, అన్ని వైపులా ఊగుతోందా. ఊగేదైతే అది పూజ గంటే, రంగు వేశారంతే. ఆ ఎనిమిది స్వరాల్లో శంకరాభరణం మెట్లు వస్తాయి. మ, ని పక్కన పెడితే మోహనం, కొత్తవాళ్లకు అంతకంటే సుఖమైన రాగం లేదు. మాయామాళవగౌళ కావాలంటే శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం గంటలు విడిగా తెచ్చుకోవాలి. స్వరాన్ని ఊపి, జార్చి పలికించే గమకం మాత్రం ఏ గంటా పలకదు. గమకాలే ప్రాణమైన తోడి రాగం జోలికి వెళ్లకండి.

చెన్నైలో ఇంకో ఇబ్బంది ఉంది. క్రిస్మస్ సాధనలు జరిగే నవంబరు, డిసెంబరే ఈశాన్య రుతుపవనం కాలం. సబ్‌వేలో (రైలు పట్టాల కింది దారిలో) నీళ్లు నిలిచి పంచమం ఆసామి అటువైపే ఆగిపోతే ఆ పూట ఏ పాటకూ పంచమం లేదు. పాటల గుంపులో ఒకరు రాకపోతే తెలియదు, ఇక్కడ పాటకు పన్ను ఊడినట్టుంటుంది. అందుకే ప్రతివారూ పక్కవారి రెండు స్వరాలూ నేర్చుకుని ఉండాలి. చిన్న గంటలైతే ఒకే చేతిలో రెండు, పిడులు అడ్డంగా పెనవేసి పట్టుకుని, ఒకటి ముందుకు విసిరితే ఒకటీ, పక్కకు విసిరితే ఇంకొకటీ మోగేలా వాయించవచ్చు. పెద్దవాటితో కుదరదు. కనక వానాకాలంలో అడుగు స్వరాలవాళ్లు దగ్గరివాళ్లయితే మంచిది. ఎంపికలో ఇదీ ఒక అర్హతే.

ఈ డిసెంబరులో ఎక్కడైనా వినడానికి వెళ్లేవారు మొదటి వరుసలో కూర్చోవద్దు. అక్కడ దగ్గరివారి రెండు గంటలే వినిపిస్తాయి. మధ్యలో కూర్చుని, పక్కపక్కన నిలబడ్డ ఇద్దర్ని ఎంచుకుని, ఒకరి కుడి చేతినీ పక్కవారి ఎడమ చేతినీ చూస్తూ ఉండండి. చివరి స్వరం మోగాక చప్పట్లకు తొందరపడొద్దు. గంటలన్నీ భుజాలకు చేరేదాకా పాట అవలేదు.

ఇట్లు,
ఒక తెలుగు చర్చి గంటల బృందం,
పెరంబూరు, చెన్నై