అలమారలోంచి పుస్తకం తీస్తే కారణం రాసిపెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

స్కూలు లైబ్రరీల్లోంచి పుస్తకాలు చప్పుడు లేకుండా తీసేయడం గురించి ఈ ఉత్తరం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. వాళ్ల స్కూల్లో ఒక కథల పుస్తకంలోని పేజీని ఎవరో ఫొటో తీసి, ఎర్ర గీతలు గీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. రాత్రికల్లా గ్రూపంతా అట్టుడికిపోయింది. మర్నాటికి ఆ పుస్తకం లైబ్రరీలో లేదు. ఫిర్యాదు ఎవరిచ్చారని ఆఫీసులో అడిగితే, రాతపూర్వకంగా ఏమీ రాలేదన్నారు. పుస్తకం మొత్తం ఎవరైనా చదివారా అని గ్రూపులో అడిగాను. ఒక్కరూ చదివామనలేదు.

ఒకప్పుడు నిషేధించిన, గొడవలు రేపిన పుస్తకాలు దొరికితే వదలకుండా చదవడం నాకు అలవాటు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నవి కొన్ని, డిసెంబరులో బుక్ ఫెయిర్‌లో కొన్నవి కొన్ని. ఆ చదువే నా చేత ఈ ఉత్తరం రాయిస్తోంది.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’నే తీసుకోండి. రాయవెల్లూరు జైల్లో రాసిన నవల. 1922లో అచ్చయితే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. మధ్యలో కొన్నాళ్లు వదిలినా 1936లో మళ్లీ పట్టుకుంది. 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాకే దానికి విముక్తి. ఇంత భయపెట్టిన పుస్తకంలో ఎంత మండే మాటలున్నాయో అనుకుంటూ తెరిచాను. నన్ను పట్టి కూర్చోబెట్టింది మాత్రం కూలి లెక్క. ధాన్యం ధర పెరిగేసరికి ఆసాములు గింజలు కొలవడం మానేసి కూలి డబ్బుల్లో ఇస్తామంటారు. ఆ డబ్బులు పట్టుకెళితే ఇంటికి ఎన్ని గింజలొస్తాయో మాలపల్లిలో అందరికీ తెలుసు. ఒక ఊరి పొయ్యి మీద ఏం ఉడుకుతుందో, ఎందుకు ఉడకదో ఇంత సూటిగా చెప్పిన నవల నేను ఇంకొకటి చదవలేదు. దొరలకి భయం ఎందుకు వేసిందో నాకు అక్కడే అర్థమైంది.

నవలలో సంగదాసు ఆసామి చౌదరయ్య చేతిలో చనిపోయాక తండ్రి రామదాసు చూపించే ఓర్పు నాకు మింగుడుపడలేదు. తక్కెళ్ల జగ్గడుగా మారి, ఉన్నవాళ్లని దోచి లేనివాళ్లకి పంచే సంగదాసు అన్న వెంకటదాసు వైపే నా మనసు లాగింది. మా అమ్మాయి రామదాసు పక్షం. అన్నాల దగ్గర ఇద్దరం గట్టిగానే వాదించుకున్నాం. “కోపం రాక కాదమ్మా, కోపం వచ్చినా ఆగాడు, అది నీకు కనిపించడం లేదు” అంది. పద్నాలుగేళ్ల పిల్ల ఒక నవల చదివి తల్లికి ఇలా ఎదురు చెప్పగలిగిందంటే ఆ పుస్తకం తన పని తాను చేసినట్టే. వాట్సాప్‌లో తిరిగే ఒక్క పేజీ ఫొటోకి ఆ శక్తి ఎక్కడిది?

ఇక ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న కవయిత్రి ఆమె. అంతకుముందు అచ్చులో ఆమె పద్యాలు కొన్ని ఎగిరిపోవడం చూసి, గాయని బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి ప్రతి సంపాదించి 1910లో వావిళ్ల వారి ద్వారా వేయించారు. అశ్లీలమంటూ ప్రభుత్వం పట్టుకుంది. స్వయంగా వీరేశలింగం పంతులు గారే ఆ కావ్యాన్ని ఈసడించారు. ప్రకాశం పంతులు గారు మద్రాసు ముఖ్యమంత్రి అయ్యాకే ఆ నిషేధం తొలగింది. చదువుతుంటే నాకు కొన్ని పద్యాల దగ్గర సిగ్గేసిన మాట నిజం. కానీ మనసులో మిగిలింది సిగ్గు కాదు. తాను పెంచిన ఇళ అనే పిల్లని తానే దగ్గరుండి కృష్ణుడికిచ్చి పెళ్లి చేసి, ఆ తర్వాత తట్టుకోలేక రాధ పడే మంట. వయసు మళ్లుతున్న ఆడదాని అసూయని, అవమానాన్ని దాచకుండా చెప్పడం మన కావ్యాల్లో ఎంత అరుదు! ఈ పుస్తకం మా అమ్మాయికి ఇప్పుడే ఇవ్వను, ఇంకొన్నేళ్లు ఆగుతాను. నా కూతురికి ఏది ఎప్పుడివ్వాలో నేను చూసుకుంటాను. కానీ పక్కింటి పిల్ల ఏం చదవాలో తేల్చే హక్కు నాకు లేదు, నా పిల్ల విషయంలో వాళ్లకీ లేదు.

ఈ రెండు పుస్తకాలూ బతికి బయటపడ్డాయంటే ఒక కారణం, వాటి మీద ఉత్తర్వులు ఉండటం. ఉత్తర్వు ఉంటే ఎవరిచ్చారో తెలుస్తుంది, దాని మీద పోరాడొచ్చు, రద్దు చేయించుకోవచ్చు. ఈనాటికీ చట్టం అలాగే ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 98వ సెక్షన్ కింద ప్రభుత్వం పుస్తకాన్ని జప్తు చేయాలంటే కారణాలు చెబుతూ నోటిఫికేషన్ ఇవ్వాలి. రెండు నెలల్లోపు హైకోర్టుకు వెళ్లే వీలుంది. ముగ్గురు జడ్జీలు వింటారు. ప్రభుత్వానికే ఇన్ని కట్టుబాట్లు ఉంటే, గ్రూపులో నాలుగు మెసేజీలకి ఏ కట్టుబాటూ లేదు. కాగితం లేకపోతే ఏమవుతుందో రచయిత సల్మాన్ రష్దీ నవల విషయంలో చూశాం. 1988లో ‘ద సాటానిక్ వర్సెస్’ దిగుమతిని ఆపేశారు. దాని మీద కేసు వేస్తే ఆ నోటిఫికేషన్‌ని ఏ శాఖా చూపించలేకపోయింది. చివరికి 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టు, అలాంటిది లేదనే అనుకోవాలంటూ కేసు ముగించింది. చూపించలేని కాగితం పేరు చెప్పి ముప్పై ఆరేళ్లు!

మన ఊరి సంగతీ మరిచిపోకూడదు. 2007 ఆగస్టులో హైదరాబాద్ ప్రెస్ క్లబ్‌లో తన పుస్తకం తెలుగు అనువాదం విడుదలకి వచ్చిన బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ మీద దాడి జరిగింది. నాకు తెలిసినవాళ్లలో చాలామందికి ఆ గొడవ గుర్తుంది. ఆ రోజు విడుదలైన పుస్తకం ఏదంటే చెప్పగలిగినవాళ్లు కనపడలేదు.

స్కూళ్ల యాజమాన్యాలనీ, విద్యాశాఖనీ నేను అడిగేది పెద్ద కోరిక కాదు. పుస్తకం మీద అభ్యంతరం ఉన్నవాళ్లు పేరు పెట్టి రాసివ్వాలి. మొత్తం చదివారో లేదో అందులోనే చెప్పాలి. లైబ్రేరియన్, టీచర్లు, తల్లిదండ్రులు కలిసి చదివి తేల్చాలి. తేల్చేదాకా పుస్తకం అలమారలోనే ఉండాలి. అమెరికాలో పుస్తకాల మీద ఫిర్యాదులు వస్తే చాలా లైబ్రరీలు పాటించే పద్ధతి ఇదే. ఏ పుస్తకాన్ని ఎందుకు తీశారో, ఎందుకు ఉంచారో నోటీసు బోర్డు మీద పెట్టాలి. చిన్న క్లాసులకి తగదనుకుంటే పెద్ద క్లాసుల అలమారలోకి మార్చండి, అభ్యంతరం లేదు.

ప్రభుత్వ గ్రంథాలయాల విషయంలోనూ ఒక మాట. ఇంటి పన్నుతో పాటు 8 శాతం లైబ్రరీ సెస్సు మనమే కడుతున్నాం. అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఒకప్పుడు నిషేధానికి గురైన తెలుగు పుస్తకాలన్నిటినీ ఒకచోట, అందరి చేతికీ అందేలా పెట్టాలి. ఒక్కో పుస్తకం పక్కన నిషేధించిన ఏడాది, ఎత్తేసిన ఏడాది, చెప్పిన కారణం రాసిన కార్డు ఉంచాలి. పోటీ పరీక్షలకి చదువుకోవడానికి పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకునే వందల మంది పిల్లలకి అవి కనిపించేచోట పెడితే ఇంకా మంచిది.

– ఒక విద్యార్థిని తల్లి, నల్లకుంట, హైదరాబాద్