హారర్ నవల అంటే టైంపాస్ కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పుస్తకాల పేజీలో హారర్ నవలలన్నీ ఒట్టి టైంపాస్ సరుకన్నట్టు రాశారు, చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. అమెరికన్ రచయిత స్టీఫెన్ కింగ్ రాసిన ‘ది షైనింగ్’ నవల ఒక్కటి చదివినా ఆ మాట అనరండీ. 1977లో వచ్చింది, ఇక్కడ బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల షాపుల్లో ఆయన నవలల కోసం ఇప్పటికీ కుర్రాళ్ళు వెతుక్కుంటుంటారు.

అమెరికాలోని కొలరాడో కొండల్లో చలికాలమంతా మూసేసే పెద్ద హోటల్, దానికి కాపలాగా జాక్ అనే ఆయన పెళ్ళాన్నీ, ఐదేళ్ళ కొడుకునీ తీసుకెళ్తాడు, మంచు పడ్డం మొదలైతే రోడ్డు బంద్, ఫోన్ లైన్లు తెగిపోతాయి, ఇక ఆ ముగ్గురే. దెయ్యాలు లేవని కాదు, ఉన్నాయి. కానీ నన్ను భయపెట్టింది బేస్‌మెంట్‌లో ఉండి హోటల్‌ని వెచ్చగా ఉంచే పాత బాయిలర్. ప్రెషర్ దానంతటది తగ్గదు, రోజూ మనిషి దిగివెళ్ళి చేత్తో వాల్వ్ తిప్పి వదలాలి, మర్చిపోతే మీటర్‌లో ముల్లు అలా పైకి పాకుతూనే ఉంటుంది. జాక్ కూడా అంతే కదా! తాగుడు మానేశాడు, తాగే రోజుల్లో కొడుకు చెయ్యి విరిచాడు, ఆ కోపం ఎక్కడికీ పోలేదు. చివరికి రేడియో పగలగొట్టేదీ, మంచులో పోయే బండి పార్టు పీకి విసిరేసేదీ ఆయన చేతులే.

తాగొచ్చినోడి అడుగుల చప్పుడు వినగానే పిల్లల్ని పక్కగదిలోకి తోసే ఆడవాళ్ళు మనలో ఎంతమంది లేరండీ, వాళ్ళకి ఇది టైంపాస్ అని చెప్పగలరా?

1980లో డైరెక్టర్ స్టాన్లీ కుబ్రిక్ ఈ నవలని తీసిన సినిమా చూసి కథంతా తెలుసనుకుంటారు చాలామంది. సినిమా గొప్పదే, కాదనను, కానీ నవల్లో బాయిలర్‌కున్న పని అందులో లేదు, జాక్ మొదట్నుంచే తేడాగా కనిపిస్తాడు. నవల్లో అలా కాదు, కొడుకంటే ప్రాణం, మంచిగా ఉండాలని నిజంగా తాపత్రయపడతాడు, అందుకే అంత బాధ. కింగ్ 1974లో కొలరాడోలోనే ఎస్టెస్ పార్క్ అనే ఊళ్ళో ఉన్న స్టాన్లీ హోటల్‌లో, సీజన్ అయిపోయి మూసేసే టైంలో, భార్యతో ఒక రాత్రి ఉన్నాడు, ఆ ఖాళీ వరండాల్లోంచి పుట్టింది ఈ కథ.

మనకి మంచు లేకపోతేనేం, గోదారికి వరదొస్తే లంక ఊళ్ళకి పడవ తప్ప దారుండదు, చుట్టూ నీళ్ళు, కరెంట్ ఉండదు, మధ్యలో ఒక ఇల్లు. అలాంటి కథలు రాయగలిగినవాళ్ళు మనకున్నారు, అచ్చేసేవాళ్ళే తగ్గిపోయారు. వచ్చే సంక్రాంతికి మీరు నవలల పోటీ పెడితే హారర్‌ని కూడా తీసుకుంటామని ప్రకటనలోనే రాయండి ప్లీజ్.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మారతహళ్ళి, బెంగళూరు