మైళ్ల లెక్క ఒక్కటే చూడకు, చిన్నీ

విజయవాడ

చిన్నీకి నాన్న ఆశీస్సులు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

నువ్వు కొన్న పాత హోండా గోల్డ్‌వింగ్ మోటార్‌సైకిల్ టైర్లవి వాట్సాప్‌లో పంపిన ఫొటోలు పెద్దవి చేసుకుని చూశాను. ఫోన్లో చెబుదామంటే సగం మాటలు నీకు వినపడవు, మిగతా సగంలో మీ అమ్మ దూరి ఏం వండుకున్నావని మొదలుపెడుతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. "ఎక్కువ మైళ్లు వచ్చే టైరు ఏది నాన్నా?" అని అడిగావు. ఆర్టీసీ డిపోలో టైర్ల సెక్షన్లో పనిచేసి రిటైరైన వాణ్ని అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే జవాబు చెప్పే ముందు నేనూ ఒకటి అడగాలి. ఏడాదికి ఎన్ని మైళ్లు తిరుగుతావు?

ముందు ఇప్పుడున్న టైర్ల సంగతి. వెనక టైరు నడుము పీటలా చదునైపోయింది. పక్కల్లో గాళ్లు మాత్రం లోతుగానే ఉన్నాయి, అంచుల దగ్గర కొత్త టైరుకుండే సన్నటి రబ్బరు మొనలు కూడా అక్కడక్కడా మిగిలాయి. అంటే నీకు బండి అమ్మినాయన హైవేల మీద ముక్కుసూటిగా తోలాడే గాని మలుపుల్లో వాల్చింది తక్కువ. ఆయన్ని అనడానికేం లేదు, డల్లాస్ చుట్టూ రోడ్లు గీత గీసినట్టు ఉంటాయని నువ్వే అన్నావు. టైరు పక్కన డాట్ (అమెరికా రవాణా శాఖ గుర్తు) అని మొదలయ్యే నంబరులో చివరి నాలుగు అంకెలు చూశావా? 3517. అంటే 2017లో 35వ వారం, ఆగస్టు ఆఖర్లో తయారైన టైరు. అయిదేళ్లు దాటిన టైరును ఏటా చూపించుకోమనీ, పదేళ్లు దాటితే గాళ్లు ఎంత లోతున్నా తీసెయ్యమనీ మిషెలిన్ లాంటి కంపెనీలే చెబుతాయి. నీది అరుగుదల చూస్తేనే దిగిపోవాల్సిందే, పైగా వయసూ మీద పడింది. గాడి అడుగున చిన్న గట్టుల్లా ఉంటాయి చూడు, అవి అరుగుదల గుర్తులు. మోటార్‌సైకిల్ టైరుకి అమెరికాలో ఆ గట్టు ఎత్తు అంగుళంలో 32వ వంతు, అంటే 0.8 మిల్లీమీటర్లు. నీ టైరు నడిమి భాగం దాదాపు వాటిని ముట్టుకుంది.

ముందు టైరు ఫొటోలో బాగానే కనిపిస్తోంది గాని నాకు నమ్మకం లేదు. బండి సెంటర్ స్టాండు వేసి, చక్రం చల్లగా ఉన్నప్పుడు, అరచెయ్యి ఆనించి ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ నిమిరి చూడు. ఒక వైపు నిమిరితే నున్నగా, రెండో వైపు నిమిరితే చేతికి అంచులు తగులుతూ గరుగ్గా ఉంటే టైరు మెట్లు మెట్లుగా అరుగుతోందని అర్థం. గాలి తక్కువతో చాలాకాలం తిరిగితే అలా అవుతుంది, ముందు ఫోర్కులు, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు మింగే గొట్టాలు, బలహీనపడినా అవుతుంది. నెమ్మదిగా పోతున్నప్పుడు గుయ్యిమని ఏదో శబ్దం వస్తోందన్నావు కదా, బేరింగేమోనని టెన్షన్ పడ్డావు. నా లెక్కలో అది టైరే. కొత్త టైరు వేయించేటప్పుడు ఫోర్కు కూడా చూడమను, లేకపోతే కొత్తది కూడా అదే దారి పడుతుంది.

ఇక మైళ్ల లెక్క. వారాంతాల్లో తిరిగేది, ఏడాదికొక పెద్ద ట్రిప్పు, అన్నీ కలిపి నాలుగు వేల మైళ్లు వేసుకుందాం. వెనక టైరు పది వేల మైళ్లు ఇచ్చిందనుకో, రెండున్నరేళ్లు వస్తుంది. పదిహేను వేలు ఇచ్చేదైతే నాలుగేళ్లకు కాస్త తక్కువ. తేడా ఏడాది చిల్లర. ఆ ఏడాది కోసం తడి రోడ్డు మీద పట్టు వదులుకోవడం నాకు నచ్చదు. రోజూ ఇంటర్‌స్టేట్ హైవే మీద పడి పోయేవాడు మైళ్లే చూసుకుంటాడు, వాడి లెక్క వేరు. నీకు అరుగుదలతో పాటు వయసు కూడా తరుముతూ ఉంటుంది.

మా దగ్గర బస్సు రోజుకి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగేది. అందుకే టైరుకో నంబరు, ఆ నంబరుకో రికార్డు. ఎప్పుడు ఎక్కింది, ఎప్పుడు దిగింది, రీట్రెడింగుకి, అంటే అరిగిన టైరుకి పైన కొత్త రబ్బరు పొర వేయించడానికి, ఎప్పుడు వెళ్లింది, అంతా అందులో ఉండేది. మన్నిక అంటే మాకు అంత పిచ్చి. అంత పిచ్చిలోనూ కొత్త టైర్లు ముందు చక్రాలకే వేసేవాళ్లం, రీట్రెడ్ చేసినవి వెనక జంట చక్రాలకు. వెనక ఒకటి పోయినా పక్కది బరువు మోస్తుంది, ముందుది పోతే స్టీరింగ్ డ్రైవరు చేతిలో ఉండదు. నీ బండికి జంట చక్రం అన్నదే లేదు. ఉన్నవి రెండూ ముందు చక్రాల్లాంటివే అనుకో.

అల్లుడుగారు పంపిన వీడియో కూడా చూశాను, గోల్డ్‌వింగ్ వెనక చక్రానికి కారు టైరు వేసుకున్నవాళ్లది. దాన్ని వాళ్లు డార్క్ సైడ్ అంటారట, పేరు మాత్రం బాగుంది. ఆ టైరు మోటార్‌సైకిల్ టైరుకి రెండింతలు, మూడింతలు కూడా వస్తుందని వాళ్లు చెప్పేది అబద్ధమేమీ కాదు, చాలామంది అలాగే తిరుగుతున్నారు కూడా. కానీ కారు వాలదు, మోటార్‌సైకిల్ వాలుతుంది. కారు టైరు కింది భాగం చదును. బండిని వాల్చినప్పుడు అది భుజం అంచు మీద నిలబడుతుంది. రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోటు కొలతలు కూడా కారు రిమ్ముకీ మోటార్‌సైకిల్ రిమ్ముకీ ఒకటి కావు. టైరు కంపెనీలు వద్దంటాయి, చాలా షాపులు అసలు ఎక్కించవు. ఇవన్నీ పక్కనపెట్టు. ముప్పై వేల మైళ్లు వచ్చే టైరు వేయిస్తే, నీ తిరుగుడుకి అది అరగడానికి ఏడేళ్లు పైనే పడుతుంది. అప్పటికి రబ్బరు బిరుసెక్కి ఉంటుంది. అల్లుడుగారికి ఈ లెక్క నా మాటగా చెప్పు, నొచ్చుకోకుండా చెప్పు.

పేర్లు చెప్పమన్నావు గనక చెబుతాను. నీ గోల్డ్‌వింగ్ 2012 మోడల్ జీఎల్1800. ముందు 130/70 ఆర్ 18, వెనక 180/60 ఆర్ 16. షాపువాడికి గోల్డ్‌వింగ్ అని మాత్రమే చెప్పి ఊరుకోకు, మోడల్ ఏడాది కూడా చెప్పు. 2018లో బండి మొత్తం మార్చేశారు, దానికి వెనక 200/55 ఆర్ 16. కొలత తర్వాత ఉండే అంకె బరువుది. ముందు 63 అంటే 272 కిలోలు, వెనక 74 అంటే 375 కిలోలు. పక్కనుండే హెచ్ అక్షరం గంటకు 210 కిలోమీటర్ల వేగానికి. ఈ అంకెలకు తగ్గింది ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోవద్దు. ఎక్కువ ఉంటే మంచిదే, 80 అని ఉంటే 450 కిలోలు మోస్తుంది. బండి ఒక్కటే నాలుగు వందల కిలోల పైమాట, దాని మీద మీరిద్దరు, రెండు పక్కలా పెట్టెలు, వెనక ట్రంకు. (మీ అమ్మకి "కాస్త పెద్ద బండి" అని మాత్రమే చెప్పాను. ఆ నాలుగు వందల కిలోల సంగతి నీ నోట రానివ్వకు.)

గట్టి రబ్బరు ఎక్కువ కాలం వస్తుంది, మెత్తటి రబ్బరు రోడ్డును పట్టుకుంటుంది. ఏ కంపెనీ అయినా ఈ రెంటి మధ్య బేరమాడాల్సిందే. డన్‌లప్ వాళ్లు ఎలీట్ 4 వెనక టైరులో నడిమికి ఎక్కువ మన్నే రబ్బరు, పక్కలకు పట్టు ఉండే రబ్బరు వేస్తారు. సూటి రోడ్లు ఎక్కువా, ఏడాదికోసారి కొండ దారులూ ఉన్న నీలాంటి వాళ్లకి అది సరిపోతుందని నా అభిప్రాయం. మెట్జెలర్ మారథాన్ ఎంఈ 888 కూడా పేరులో చెప్పినట్టే మన్నిక కోసం చేసిందే. నీ తరం బండికి ఫ్యాక్టరీలో వేసే రకం బ్రిడ్జ్‌స్టోన్ ఎక్సెడ్రా, ముందు జీ709, వెనక జీ704. అది వేసినా తప్పు లేదు. మూడింటిలో ఏదైనా పర్వాలేదు గాని ముందొకటి వెనకొకటి కలపకు, ఒకే కంపెనీ జత వేయించు. నీ బండికి రెండూ రేడియలే ఉండాలి, కొలతలో ఆర్ అక్షరం అదే చెబుతుంది. కారు టైర్ల మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది, దాన్ని చూసి ఏది ఎక్కువ మన్నుతుందో పోల్చుకోవచ్చు. మోటార్‌సైకిల్ టైర్లకు ఆ ఏర్పాటు లేదు. కాబట్టి ఎవరో "నాకు ఇరవై వేలు వచ్చింది" అంటే వాళ్ల బరువెంత, వాళ్ల రోడ్డేది, గాలి ఎంత పెడతారు అని అడగాలి. మీ టెక్సస్ ఊరి రోడ్ల మీద తారు పోసి కంకర చల్లి తొక్కిస్తారు చూడు, ఆ గరుకు రోడ్డు టైరును నున్నటి రోడ్డు కంటే తొందరగా తినేస్తుంది.

గాలి. ఇది మాత్రం రెండుసార్లు చదువు. ముందు 36 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), వెనక 41. బండి మాన్యువల్లో ఉన్న అంకెలివి. టైరు పక్కన రాసేది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, అది చూసి గాలి కొట్టించకు. తెల్లారి బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. పెట్రోల్ బంకు దాకా నడిపి అక్కడ కొలిస్తే టైరు వేడెక్కి అంకె ఎక్కువ చూపిస్తుంది, ఎక్కువుందని నువ్వు గాలి తీసేస్తావు, మర్నాడు తక్కువతో తిరుగుతావు. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టులోనూ పక్కలు నలిగి వంగుతుంది, ఆ వంగడంలోనే వేడి పుడుతుంది, ఆ వేడే లోపల పొరల్ని విడదీస్తుంది. మీ జూలై ఎండలో, అంత బరువుతో, అంత వేగంలో దానికి ఎక్కువసేపు పట్టదు. వాతావరణం పది డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లబడితే సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. అంటే శీతాకాలం రాగానే ఎవరూ తీయకుండానే నీ గాలి తగ్గిపోయి ఉంటుంది. మంచి గేజీ ఒకటి కొనుక్కో, బంకు దగ్గర వేలాడే దాన్ని నమ్మకు. మా డిపోలో ముందే పాడైపోయిన టైర్లు విప్పి చూస్తే కంపెనీని తిట్టాల్సిన సందర్భాలు తక్కువ, గాలి కొట్టేవాణ్ని తిట్టాల్సినవే ఎక్కువ.

టైర్లు వచ్చాక, ఎక్కించక ముందే ఆ నాలుగు అంకెలు నువ్వే చూడు. షాపులో మూలన పడున్న పాత సరుకు నీకు అంటగట్టకూడదు. వాల్వులు కూడా కొత్తవి వేయమను, పాత రబ్బరు వాల్వు పగిలి దారిలో గాలి దిగిపోతే కొత్త టైరు ఉండి ఏం లాభం. టైరు మీద తిరిగే దిశకి బాణం గుర్తు ఉంటుంది, ఎక్కించాక అది సరిగ్గా ఉందో లేదో చూసుకో. బ్యాలెన్సింగ్ తప్పనిసరి. వెనక చక్రం కారు చక్రంలా అయిదు నట్లతో వస్తుంది, కాబట్టి ఆ నట్లు టార్క్ రెంచితోనే (ఎంత బిగించామో కొలిచి చూపే రెంచి) బిగించారా అని అడుగు. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకు.

అన్నట్టు ఇంకొకటి. 2001 నుంచి 2012 దాకా వచ్చిన గోల్డ్‌వింగుల్లో వెనక బ్రేకు వదలకుండా పట్టుకుని ఉండిపోయే ఇబ్బంది మీద హోండా అమెరికాలో రీకాల్ చేసింది, అంటే బాగుచేయడానికి బళ్లను వెనక్కి పిలిచింది. అలా పట్టుకుపోతే వెనక చక్రం కాలిపోయేంత వేడెక్కుతుంది, నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది. మీ రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ వెబ్‌సైట్‌లో బండి విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు) కొడితే ఇంకా చేయించాల్సిన రీకాల్ ఏదైనా మిగిలిందా అని తెలుస్తుంది. టైర్ల కంటే ముందు ఇది చూడు, రెండు నిమిషాల పని, డబ్బు కట్టక్కర్లేదు.

కొలరాడో ట్రిప్పు ఆగస్టులో అన్నావు. 287 హైవే మీద అమరిల్లో దాకా, అక్కణ్నించి రటోన్ మీదుగా పైకి పోతే దారంతా సూటిగా ఎండలో ఉంటుంది. ఆ తర్వాత సిల్వర్టన్, యూరే మధ్య 550 రోడ్డు. అక్కడ లోయ వైపు రెయిలింగ్ కూడా ఉండదని వీడియోల్లో చూశాను, చూసినప్పుడే నా అరికాళ్లు చల్లబడ్డాయి. చదునైన టైరుతో ఆ మలుపుల్లోకి దిగితే బండి మొదట వాలనంటుంది, ఆ అంచు దాటగానే ఒక్కసారిగా పడిపోయినట్టు వాలుతుంది. కాబట్టి టైర్లు మార్చే పని ట్రిప్పుకి కనీసం రెండు వారాల ముందే అయిపోవాలి. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది, మొదటి వంద మైళ్లు గట్టి బ్రేకులు వేయకుండా, ఒక్కసారిగా వాల్చకుండా, కొంచెం కొంచెంగా వాలుస్తూ ఊరి చుట్టూ తిరుగు. ఆ వంద మైళ్లూ ఒక్కదానివే తిరుగు, అల్లుడుగారిని వెనక ఎక్కించుకోకు.

స్టెప్నీ లేని బండి కాబట్టి ట్రంకులో పంక్చర్ ప్లగ్గుల కిట్టు, బండి బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు పెట్టుకోండి. ప్లగ్గు పక్క ఊరు చేరడానికే, దాంతో ఇల్లు చేరదామనుకోవద్దు. మేకు టైరు పక్కభాగంలో దిగితే ప్లగ్గు కూడా వేయకు, టో బండిని పిలవండి.

ఏ టైర్లు తెప్పించావో, మీటరు మీద ఎన్ని మైళ్లు ఉండగా వేయించావో ఒక పుస్తకంలో రాసి పెట్టుకో, నాకూ రాయి. బిల్లు ఎంతయిందో కూడా రాయి. రూపాయల్లోకి మార్చుకుని కాసేపు బాధపడతాను, తర్వాత సర్దుకుంటాను.

నాన్న