రివర్‌డ్యాన్స్ ట్యాప్ నృత్యం కాదు

సంపాదకులకు నమస్కారం.

ఐర్లండ్ వారి 'రివర్‌డ్యాన్స్'ను చాలామంది ట్యాప్ నృత్యమనే (బూట్ల అడుగున లోహపు రేకులు బిగించి దరువు వేసే అమెరికా నృత్యం) రాస్తున్నారు. 1994 ఏప్రిల్ 30న డబ్లిన్‌లో జరిగిన యూరోవిజన్ పాటల పోటీ విరామంలో, బిల్ వీలన్ సంగీతానికి జీన్ బట్లర్, మైకేల్ ఫ్లాట్లీ బృందం ఆడిన ఏడు నిమిషాల నృత్యమే మరుసటి ఏడాది పూర్తిస్థాయి రంగస్థల ప్రదర్శనగా ఎదిగింది. చేతులు పక్కలకు దించి, నడుము పైభాగం కదలకుండా, గట్టి సోల్ ఉన్న బూట్లతో చెక్క వేదికపై దరువు వేయడం ఐరిష్ సంప్రదాయం. మనకు గజ్జెలు చేసే పనిని అక్కడ మడమలు, మునివేళ్లు చేస్తాయి. అమెరికా ట్యాప్ నర్తకులతో పోటీ ఘట్టం ఈ ప్రదర్శనలో ఉన్నమాట నిజమే కానీ, రెండింటి తేడా స్పష్టంగా తెలిసేది అక్కడే. నోటితో ఊదకుండా, మోచేతి కింది తిత్తిని నొక్కుతూ పలికించే ఇలియన్ పైపులనే ఐరిష్ వాద్యాన్ని ఈ ప్రదర్శనలో వాయించే కళాకారుల గురించి కూడా దయచేసి నాలుగు మాటలు రాయండి.

– ఒక పాఠకురాలు, డబ్లిన్